బోనం అన్నం, దేవుని రోషం

దేవునికి రోషం ఉందట. ఉండనీ. ఆ రోషం నా అన్నం డబ్బా మీద ఎందుకు పడిందో మా సంఘపెద్దనే అడగాలి.

చిక్కడపల్లిలో మా పక్క పోర్షన్ అక్క ప్రతి ఆషాఢం బోనం వండుతుంది. మేము చర్చివాళ్ళం, దేవతకు పెట్టింది తినం. అది తెలిసి, బోనం కుండ నింపకముందే నా వాటా వేరుగా తీసిపెడుతుంది. అమ్మవారికన్నా ముందు మనిషికి తీయడం వాళ్ళలో తప్పు. వాళ్ళ అత్త బతికినన్నాళ్ళూ తిట్టింది. అక్క మానలేదు. మా ఆయన చనిపోయిన ఏడూ మానలేదు.

ఈసారి బోనాల మర్నాడు సంఘపెద్ద ప్రార్థనకని ఇంటికి వచ్చాడు. పొయ్యి పక్కన డబ్బా, దాని మూత మీద పసుపు వేళ్ళ మరకలు చూశాడు.

"ఇదేంది సిస్టర్?"

"పక్కింటక్క ఇచ్చిన అన్నం. అమ్మవారికి ఎక్కియ్యకముందే తీసింది."

"ముందైనా ఎనకైనా విగ్రహాల కూడే. మన దేవుడు రోషం గలోడు. ఆదివారం సంఘం ముంగట తప్పు ఒప్పుకో. లేకుంటే నీకు రొట్టె ఇయ్యం."

రోషమట! నారాయణగూడలో ఈయనది కిరాణా కొట్టు. ఆషాఢమంతా కుంకుమ, కర్పూరం, ఊదు గుమ్మంలోనే వేలాడదీస్తాడు. దేవుని రోషానికి ఆ గుమ్మం కనబడదు కాబోలు.

రోషమంటే నాకు తెలియదా? మా ఆయనకు ఉండేది. నన్నెవరైనా ఒక్క మాటంటే చొక్కా లేకుండానే గల్లీలోకి ఉరికేవాడు. నా కంచంలోకి మాత్రం ఎన్నడూ తొంగిచూడలేదు. నా కోసం రోషపడే దేవుణ్ణి నమ్ముతాను గానీ, కంచాలు సోదా చేసే దేవుడెవరో నేనెరగను.

రొట్టె మాత్రం నాకు కావాలి. మా ఆయన పోయినప్పటి నుంచి, ప్రభువు బల్ల దగ్గర నెలకొకసారి ఇచ్చే ఆ ముక్క మీదే నిలబడ్డాను. తప్పని ఒప్పుకుంటే రొట్టె దక్కుతుంది, అక్క చేతి వంట పాపమైపోతుంది.

ఆదివారం అందరి ముందూ లేచాను.

"అన్నం తిన్న. పాపమనుకుంట తినలే. ఇప్పుడు గూడ అనుకుంటలేను."

వెనక ఒకామె కిసుక్కుమంది. సంఘపెద్ద రొట్టె పళ్ళెం పట్టుకుని నన్ను దాటిపోయాడు. చాపిన చేతులు నేను తీయలేదు. చివరి వరుస దాకా పోయి తిరిగొస్తుంటే, నేనే చెయ్యి పెట్టి ముక్క తీసుకున్నాను.

"సిగ్గు లేదా?" అన్నాడు పళ్ళ సందున.

"సిగ్గెందుకన్నా? దేవునికి రోషమొస్తే ఆయననే వచ్చి గుంజుకోమను," అని నోట్లో వేసుకున్నాను. ఎండిపోయిన ముక్క, గొంతుకు అడ్డం పడింది. నీళ్ళు అడగలేదు.