హబ్షీ అన్న మాట

కువైట్‌లో, ముబారక్ అల్ కబీర్ వైపు మేము పనిచేసిన ఇంట్లో వంట నాది. నాతోపాటు ఇద్దరు ఆఫ్రికా ఆడవాళ్లు ఉండేవాళ్లు. ఒకామెది ఇథియోపియా, ఇంకొకామెది ఘానా. మా కడపవాళ్ల కంటికి ఇద్దరూ నల్లవాళ్లే. ఇంటి యజమానురాలికి, మేం మామా అని పిలిచే ఆవిడకు, మాత్రం ఇద్దరికీ మధ్య భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. ఇథియోపియా ఆమెది సన్న ముక్కు, చామనఛాయ. అందుకని ఆమెకు లోపలి పని, వచ్చినవాళ్లకు గావా అనే అరబ్బీ కాఫీ పోయడం, పిల్లల్ని తయారుచేయడం. ఘానా ఆమెకు వాకిలి కడగడం, కార్లు తుడవడం, మేడమీద కార్పెట్లు దులపడం. ఎండాకాలంలో కువైట్ వాకిలి ఎట్లా కాలుతుందో కడిగినవాళ్లకే తెలుసు.

ఘానా ఆమె తన ఊళ్లో ఆసుపత్రి వార్డులో ముసలివాళ్లను చూసుకున్న మనిషి. ఇక్కడ ఆ సంగతి ఎవరూ అడిగిన పాపాన పోలేదు. మామా తల్లిని కనిపెట్టుకుని ఉండటానికి ఒకరు కావాలని ఇంట్లో మాట వచ్చినప్పటినుంచి ఆమె ముఖంలో ఆశ చూశాను. నీడపట్టు పని, పైగా తనకు చేతనైన పని.

ఒక పొద్దున ఆ ముసలావిడ కారు దిగుతూ తూలింది. వాకిలి కడుగుతున్న ఘానా ఆమె పైపు పడేసి పరుగున పోయి పట్టుకుంది. నడుం చుట్టూ చేయి వేసి, మెల్లగా కూర్చోబెట్టి, చీలమండ తడిమి చూసింది. ముసలావిడ చాలాసేపు ఆ చేయి వదల్లేదు. అదంతా చూసింది డ్రైవరూ, వంటింటి కిటికీలోంచి నేనూ. పట్టుకున్నది ఎవరని మామా డ్రైవర్ని అడిగిందట. మర్నాడు ముసలావిడ గదికి ఇథియోపియా ఆమెను మార్చారు.

నాకు ఒళ్లు మండిపోయింది. డ్రైవర్ని నిలదీశాను.

"ఏం అన్నా, పెద్దామెను పట్టుకునింది ఎవరని చెప్పినావు?"

"హబ్షీ అన్నానండి. అల్ రాయ్‌లో నేను చేసిన వర్క్‌షాపులో పాకిస్తానోళ్లు నల్లోళ్లందర్నీ అదే అనేవోరండి. తప్పేంటండి?" అన్నాడు ఆ కోనసీమ మనిషి.

తప్పే మరి. అరబ్బీలో ఆ మాటకు ఇథియోపియా మనిషి అనే అర్థం. పాపం, అతను మంచి చేయబోయాడు. నేను నేరుగా మామా దగ్గరికి పోయి, నాకొచ్చిన అరబ్బీలో జరిగింది చెప్పాను. పక్కనే ఉన్న ఇథియోపియా ఆమె కూడా "నేను కాదు మామా, తనే" అంది.

 "ఆ ఘానా పిల్ల మంచిదే. కానీ అమ్మను చూడటానికి నలుగురూ వస్తారు. ఆ గదిలో ఈమె ముఖమే బాగుంటుంది. ఖలాస్" అంది మామా.

మాట సరిదిద్దితే పని కూడా చక్కబడుతుందనుకున్నాను. నా పిచ్చిగానీ, మామా ఆ మాట వల్ల పొరపాటు పడిందేమీ లేదు. ఆ తర్వాత ముసలావిడను లేపాల్సి వచ్చినప్పుడల్లా ఇథియోపియా ఆమె ఇంటి వెనక తలుపు తీసి, ఘానా ఆమెనే లోపలికి పిలిచేది. లేపి, పడుకోబెట్టి, ఆమె మళ్లీ ఎండలోకి పోయేది. 

ఒకరోజు ఘానా ఆమె నన్ను అడిగింది, "మీవాళ్ల మాటలో హబ్షీ అంటే మేమిద్దరమూనా?"

అవునన్నాను.

"అయితే మీ ఊళ్లో మా ఇద్దరికీ ఒకే పని ఇస్తారు" అని నవ్వింది.

మా ఊళ్లో ఇద్దరినీ వంటింటి గడప తొక్కనివ్వరని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఇస్తారు" అన్నాను. ఆమె నవ్వుకుంటూనే పైపు తీసుకుని వాకిట్లోకి వెళ్లింది.