శనివారం నీళ్లు

శనివారం మాత్రం నతానియేలు ఎవరి మాటా వినడు. డ్యూటీకి రాగానే నీళ్ల వాల్వు పూర్తిగా తిప్పేస్తాడు. క్రషరు మీదా, కన్వేయరు బెల్టు మీదా సన్నటి జల్లు పడి ఎర్రదుమ్మును అక్కడికక్కడే అణిచేస్తుంది. కానీ తడిసిన ఇనుపరాయి పొడి జల్లెడకు అంటుకుంటుంది. మిషను ఆపి, గడ్డపారతో పొడిచి కంతలు తెరవాలి. ఒళ్లు హూనమయ్యే పని. శనివారం లోడ్లు తక్కువ కాబట్టి సరిపోతుంది. మిగతా రోజుల్లో వాల్వు కట్టేసే ఉంటుంది. కట్టేసేదీ అతనే.

బందరు నుంచి మంగినపూడి వెళ్లే దారిలో ఉందా ఫ్యాక్టరీ. సముద్రపు గాలి దుమ్మంతా నతానియేలు ఉండే పేట మీదికే తోస్తుంది. ఆదివారం గుడికి కట్టుకునే తెల్లచీరలు అక్కడి ఆడవాళ్లు శనివారమే ఉతికి ఆరేస్తారు. ఒకసారి అతని భార్య హేమ, ఎర్రబడ్డ చీర తెచ్చి ముందు పడేసి, “ఇది కట్టుకుని మీ ఫ్యాక్టరీకే వస్తాను, ప్రార్థన అక్కడే పెట్టించు” అంది. అప్పటినుంచీ శనివారం నీళ్లు వదులుతున్నాడు.

ఈ ఆదివారం గుడిలో సాక్ష్యాలు చెప్పే వేళ ఎలీసబెతు లేచింది. పక్కింటావిడ, అతనికి వరసకి పిన్ని. ఆయాసంతో మాటమాటకీ ఆగుతోంది.

“శనివారం దుమ్ము రాదండి, గమనించారా? నా చీర చూడండి, మల్లెపువ్వు. నా ప్రభువే ఆపుతున్నాడు.”

“స్తోత్రం” అన్నారందరూ.

“మిగతా రోజులు కూడా ఆపమని ప్రార్థన చెయ్యండమ్మా. ఊపిరాడక పడుకోలేకపోతున్నాను.”

అందరూ కళ్లు మూసుకున్నారు. నతానియేలు మూసుకోలేకపోయాడు. ముందు వరసలో పిన్ని వీపు ఎగిరెగిరి పడుతోంది. ఇన్నాళ్లూ చీరల గురించే ఆలోచించాడు. ఊపిరి సంగతి తట్టక కాదు. పట్టించుకుంటే రోజూ గడ్డపార పట్టాలి.

బయట చెప్పులు వేసుకుంటుంటే ఆమె పట్టుకుంది.

“ఏరా నత్తూ, ఆమెన్ అనలేదేంటి? ఉద్యోగం పోద్దనా?”

“అదేం లేదు పిన్నీ.”

“నువ్వూ అడగరా. నీ మాట వింటాడేమో.”

అతను తల దించుకుని రెండో చెప్పు కోసం వెతికాడు. అది కాలికే ఉంది.

సోమవారం వాల్వు తిప్పాడు. సూపర్‌వైజరు ఆంజనేయులు పరిగెత్తుకొచ్చాడు.

“ఏవండీ భక్తుడుగారూ, ఇవాళ సోమవారం!”

“తెలుసండి.”

“జల్లెడ పూడిపోద్ది.”

“నేను పొడుస్తానండి.”

“రోజూనా? మేనేజరుగారు అడిగితే నువ్వే చెప్పుకో.”

“చెప్పుకుంటానండి.”

మధ్యాహ్నానికే అరచేతులు బొబ్బలెక్కాయి.

సాయంత్రం ఇంటికొస్తుంటే ఎలీసబెతు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది.

“ఒరే నత్తూ, నిన్న అడిగాం, ఇవాళే విన్నాడు! చూశావా?”

“చూశాను పిన్నీ” అని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఆమె నవ్వబోయి దగ్గింది. గుప్పిట్లో ఉన్న ఇన్‌హేలరు నోటికి పెట్టుకుంది. దగ్గు తగ్గేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. అది తొందరగా తగ్గలేదు.