గోడ మీది ఇంజినీరు

ఎండలు మండే వైకాశి నెలలో ఒక బుధవారం, పొద్దున పదిన్నర గంటలకు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు మా గడప దాటి లోపలికి వచ్చి గోడ మీద నా మనవడి ఫోటోను చూశాడు. పదిన్నరకు వస్తాడని తలయారి ముందు రోజే చెప్పిపోయాడు. సర్కారు మనిషి చెప్పిన గంటకు రావడం నా జన్మలో అదొక్కసారే చూశాను కాబట్టి ఆ గంట నాకు మరుపు రాదు. ఇంకొక కారణం కూడా ఉంది. ఆ రోజు గుడియాత్తం ఊరంతటికీ తొమ్మిదికే కరెంటు తీసేశారు, తీగలు బాగు చేసుకునే రోజు. మా వీధిలో సగం ఇళ్ళలో ఇప్పుడు కరెంటు మగ్గాలే. పొద్దస్తమానం అవి దడదడ కొట్టుకుంటూ ఉంటే ఒకరి మాట ఒకరికి వినపడదు, అదీ ఒక సుఖమే. ఆ రోజు ఆ సుఖం లేదు. అన్న ప్రతి మాటా వినపడింది.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, నిన్న వెనక వీధి పిల్ల ఒకతి వచ్చింది. ప్లస్ టూ అయిపోయింది, ఇంజినీరింగు కౌన్సెలింగుకు పోవాలి. "అవ్వా, ముదల్ పట్టదారి సర్టిఫికెట్టుకు ఏమేమి కావాల? మీ ఇంట్లో తీసుకున్నారంట గదా," అని అడిగింది. పట్టదారి అంటే డిగ్రీ అయినవాళ్ళు; మా తమిళ రాష్ట్రంలో, ఇంట్లో అందరికంటే ముందు డిగ్రీ చదవబోయే పిల్లకు ఇచ్చే సర్టిఫికెట్టు అది. అది ఉంటే కాలేజీ ఫీజులో పెద్ద భాగం సర్కారే చూసుకుంటుంది. ఏమేమి కావాలో చెప్పాను. "ఇంతేనా?" అంది. "ఇంతే," అన్నాను. ఆ పిల్ల పోయిన తరువాత కంచం పక్కకు పెట్టి గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటిన తరువాత. నేర్పింది ఆ గోడ మీద ఉన్న మనవడే. వీధి తెలుగు బడిలో ఐదో క్లాసు దాకా చదివిన ఘనుడు, నా వేలు పట్టుకుని బియ్యప్పిండిలో రాయించేవాడు. తప్పు రాస్తే, "ఇది 'క' కాదవ్వా, తేలుకొండి," అనేవాడు. వచ్చిన అక్షరాలను ఊరికే పోనివ్వడం నాకు చేతకాదు. అందుకే మనవరాలు ఇంజినీరింగు చేరతానన్నప్పుడు ఆ అర్హతల కాగితం తెమ్మని చెప్పి తెలుగూ తమిళమూ కూడబలుక్కుంటూ మొత్తం చదివాను. ఏ పాఠాలు చదివి ఉండాలి, వాటిలో ఎన్ని మార్కులు రావాలి, ఏ ఊళ్ళో పుట్టాలి, ఏ బళ్ళో ఎన్నేళ్ళు కూర్చోవాలి. పిల్లను చూడవచ్చినవాళ్ళు కూడా ఇన్ని అడగరు. చివర్న ఈ సర్టిఫికెట్టు సంగతి: కుటుంబంలో అంతకు ముందు ఎవరూ డిగ్రీ పూర్తి చేసి ఉండకూడదు. చదువు లేకపోవడం కూడా ఒక అర్హతే అని నాకు అప్పుడే తెలిసింది. ఆ లెక్కన మాకంటే అర్హులు ఈ వేలూరు జిల్లాలో ఉండరు. మా ఆయన వేలిముద్ర, నేను పిండిలో రాసినదాన్ని, నా కొడుకు ఎనిమిది, కోడలు ఐదు. ఆ రాయితీ రాకపోతే మనవరాలు కాలేజీ గేటు దాకా కూడా పోగలిగేది కాదు. అది మా అందరికీ తెలుసు, ఆ పిల్లకు ఇంకా బాగా తెలుసు.

మధ్యలో వాడొకడున్నాడు, గోడ మీదివాడు. కౌన్సెలింగులో కాకుండా కాలేజీవాళ్ళ సీటులో నేరుగా చేరినవాడు కాబట్టి వాడికి ఈ రాయితీ లేదు. తండ్రి మగ్గం మీద నుంచి లేవకుండా నేసి చదివించాడు. నాలుగేళ్ళూ చదివాడు, పరీక్షలు రాశాడు, మూడు పేపర్లు పోయాయి. కార్తీకంలో మళ్ళీ రాస్తానన్నాడు. వానలు మొదలైన వారానికే జ్వరం వచ్చింది. వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. డాక్టర్లు మంచివాళ్ళే, రోగం వాళ్ళకంటే ముందు పరిగెత్తింది. అప్పటికి చెల్లెలు మూడో క్లాసు.

గోడకు పెట్టుకోవడానికి ఒక ఫోటో కావాలి గదా. వాడి ఫోనుకు వాడు వేసుకున్న తాళం ఎవరికీ తెలియదు. బతికున్నవాడిని అడగాల్సిన సంగతి అది, అడగలేదు. కడకు కాలేజీ కార్డు మీదున్న గోరంత ఫోటో తీసుకుపోయి వేలూరు పాత బస్టాండు దగ్గర ఒక స్టూడియోలో ఇచ్చింది నా కోడలు. ఆయన, "పిల్లోడు ఏం చదివినాడమ్మా?" అన్నాడట. "ఇంజినీరు," అందట. పది రోజులకు ఫోటో చేతికి వస్తే, వాడు నల్ల గౌను వేసుకుని, నెత్తిన పలకలాంటి టోపీ పెట్టుకుని, చేతిలో చుట్టిన పట్టా పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేము అడగలేదు. ఆయన తన ధర్మంగా వేశాడు. కోడలు చాలాసేపు చూసి, "బాగుండాడు," అంది. అంతటితో అయిపోయింది. ఆ తరువాత ఇంటికి వచ్చిన ప్రతివాడూ "ఓహో, ఇంజినీరా" అనేవాడు, ఆమె "అవును" అనేది. అబద్ధమని ఎవరమూ అనుకోలేదు. పొద్దున వాకిలి చిమ్మినట్టు, రోజూ అనే మాట అయిపోయింది.

నా మట్టుకు నాకు ఆ ఫోటో అంటే జంకు. సాయంత్రం దీపం పెట్టే వేళకు గౌను నలుపంతా గోడ నీడలో కలిసిపోయి మొహం ఒక్కటే మిగిలేది. నా కళ్ళద్దాలు దాచి ఇల్లంతా వెతికించి నవ్వేవాడు వాడు. గౌను వేసుకున్నాక పెద్దమనిషి అయిపోయాడు. వాడి ఎదుట కాళ్ళు చాపుకుని కూర్చోవడం మానేశాను. నా మనవడి ముందర నేను కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను, అన్నేళ్ళు.

సరే, ఆ బుధవారం. ఇన్‌స్పెక్టరు ఆర్కాడు పక్క తెలుగాయన, మనవరాలి సర్టిఫికెట్టు విచారణకు వచ్చినవాడు, నెమ్మదైన మనిషి. బెంచీ మీద కూర్చుని, పెన్ను మూత తీసి, తల ఎత్తాడు. "ఎవురమ్మా అది?" అన్నాడు.

ఎవరమూ నోరు తెరవకముందే కోడలు అలవాటుగా, "మా పెద్దోడు సార్. ఇంజినీరు," అనేసింది.

ఆయన పెన్నుకు మూత పెట్టాడు. "అట్లయితే ఈ సర్టిఫికెట్టు ఎట్ల కుదురుతాదమ్మా? ఇంట్లో పట్టదారి ఉండాడు గదా."

"అన్న లేడు సార్. నా చిన్నప్పుడే పోయినాడు," అంది మనవరాలు. ఆ పిల్ల గొంతు గోడకు తగిలి వెనక్కి వచ్చింది, అంత నిశ్శబ్దం. మగ్గం గుంటలో ఉన్న నా కొడుకు విసరబోయిన దారం నాడెను బట్ట మీద పెట్టేశాడు.

ఆయన ఆ పిల్ల వైపు తిరిగాడు. "అయ్యో పాపమే. అయినా పాపా, రూల్లో బతికినోళ్ళు, పోయినోళ్ళు అని రాయలేదు. కుటుంబంలో అని రాసినారు. ఆ పిల్లోడు ఈ కుటుంబమే గదా?"

నాకు కోపం వచ్చింది. లోపలికి పోయి రేషన్ కార్డు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. "చూడు నాయనా. వాడు పోయిన మరుసటి నెలే పేరు కొట్టేసినారు. బియ్యానికి లేనోడు డిగ్రీకి మాత్రం యాడ నుంచి వచ్చినాడప్పా?"

తలయారి నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. ఇన్‌స్పెక్టరుకూ పెదవి కదిలింది. "అవ్వా, నిన్ను తాసిల్దారు కుర్చీలో కూర్చోబెట్టాల," అన్నాడు. తరువాత మెల్లగా చెప్పాడు. "రెండిట్లో ఏదో ఒకటి మీ నోటితో చెప్పండి. ఆ పిల్లోడు ఇప్పుడు ఈ కుటుంబంలో లేడని చెప్పండి, పైన అడిగి చూస్తా. లేదంటే డిగ్రీ ముగియలేదని చెప్పండి. నేనుగా ఏదీ రాసుకోలేను."

"నాకేమీ వద్దు సార్," అంది మనవరాలు. "అమ్మా, వద్దులేమ్మా. నేను బట్టల షాపులో చేరతా."

"నోరు ముయ్యే," అన్నాను. లేడని చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ముసలిదాన్ని, ఎంతమందిని లేరని చెప్పలేదు? మొగుణ్ణి చెప్పాను, తోడబుట్టినవాళ్ళను చెప్పాను. ఒక్క మాటతో పిల్ల బతుకు దారిన పడుతుందంటే అనేస్తాను. నోరు తెరిచాను. కోడలు నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ నొప్పిగా గుర్తు.

"అత్తా, ఆ మాట అనొద్దు," అంది. ఆయన వైపు తిరిగింది. "నా కొడుకు ఈ ఇంట్లోనే ఉండాడు సార్. పాసు కాలేదు, అంతే. మూడు పేపర్లు పోయినాయి. మళ్ళీ రాస్తా అన్నాడు."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. వాడి ఎదురుగానే అంది, తల ఎత్తి ఫోటోను చూస్తూ. "ఏ పేపర్లమ్మా?" అని అడిగాడాయన. రాసుకోవడానికి కాదు, ఊరికే. మూడూ ఇంగ్లీషు పేర్లు. ఒక్కటి కూడా తడబడకుండా చెప్పింది, కన్నబిడ్డల పేర్లు చెప్పినట్టు. ఆయన పెన్ను మూత మళ్ళీ తీసి, డిగ్రీ ముగియలేదని రాసుకున్నాడు. గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, "ఆ ఫోటో మార్చుకోండమ్మా. పైనుంచి ఇంకొకరు వస్తే మళ్ళీ ఇదే కత," అన్నాడు. మా మంచికి అన్నాడో, తన కంటికి అది బరువై అన్నాడో తెలియదు.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కాము, కోడలు, మనవరాలు, నేను. పటాన్ని లుంగీలో చుట్టి కోడలు ఒళ్ళో పెట్టుకుంది. కండక్టరు పైన పెట్టమంటే పెట్టలేదు. పళ్ళికొండలో ఎక్కిన ఒకామె చేతులు జోడించబోతూ, "ఏ సామి పటమమ్మా?" అంది. "మా పిల్లోడు," అంది కోడలు. ఆమె చేతులు సగంలో ఆగిపోయాయి. వేలూరు దాకా ఆమె మళ్ళీ మా వైపు తిరగలేదు.

స్టూడియో ఆయన అప్పటికి తలంతా నెరిసిపోయాడు. సంగతి విని అద్దాలు పైకెత్తి పటాన్ని చూశాడు. "గౌను తీసెయ్యాల్నా? తీస్తే కింద ఏమీ లేదమ్మా. మీరు ఇచ్చింది మొగం ఒకటే. ఒళ్ళు నాది."

"నీదా?" అన్నాను.

"అంటే, నా కంప్యూటర్లోది అవ్వా. ఎవురిదో. ఈ ఒంటికి ఎన్ని మొగాలు పెట్టినానో."

అప్పుడు చూశాను ఆ భుజాలను. వెడల్పాటి నిటారు భుజాలు, మా వంశంలో ఎవరికీ లేవు. మాకు మగ్గం మీదికి వంగి వంగి పుట్టుకతోనే భుజాలు ముందుకు వాలి ఉంటాయి. అన్నేళ్ళు మేము పూలు పెట్టింది ఎవరి గుండెకో. మనవరాలు లేచి బయటికి పోయి బస్సులను చూస్తూ నిలబడింది.

కోడలు ఏడవలేదు. "ఇంకేం ఒళ్ళు ఉండాయి?" అంది. ఆయన ఒక్కొక్కటే చూపించాడు. కోటు, టై. పోలీసు. డాక్టరు. పట్టు పంచె. ఒక్కదానికీ తల లేదు. "ఇన్ని ఒళ్ళు పెట్టుకొని ఒక్కడివే ఈ గదిలో ఎట్ల కూర్చుంటావప్పా?" అన్నాను. "అలవాటే అవ్వా," అన్నాడు. నవ్వలేదు.

"పరీక్షకు పోయే పిల్లోడి మాదిరి ఉండేది ఒకటి చూడండి," అంది కోడలు. "జేబులో పెన్ను ఉండాల."

"పరీక్షకా?"

"మళ్ళీ రాయాల గదా సార్."

ఆయన సన్నటి ఒళ్ళు ఒకటి వెతికాడు, లేత నీలం చొక్కా, మణికట్టు దాకా చేతులు. భుజాలు కొంచెం వాల్చమని నేను చెప్పాను, వాల్చాడు. పెన్ను మాత్రం చాలాసేపు గీశాడు.

సర్టిఫికెట్టు వచ్చింది. మనవరాలు వేలూరు పక్క కాలేజీలో చేరింది, ఇప్పుడు ఆఖరి ఏడాది, ఒక్క పేపరూ పోలేదు. అన్న ఆగిపోయిన వయసుకు వచ్చేసింది. ఇంటికి వచ్చినప్పుడల్లా సంచి దించకముందే గోడ వైపు చూసి, "ఏమన్నా, చదువుతా ఉండావా లేదా?" అంటుంది. ఆ మాటకు కోడలు నవ్వుతుంది. నేను మాత్రం కాళ్ళు చాపుకునే కూర్చుంటాను, జవాబు వస్తుందేమోనని ఒక చెవి అటు వేసి.

ఆ బుధవారం ఉన్నవాళ్ళం వీళ్ళం: ఆర్కాడు ఇన్‌స్పెక్టరు, తలయారి, మగ్గం గుంటలో నా కొడుకు, నా కోడలు, మనవరాలు, నేను, సాయంత్రానికి ఆ స్టూడియో ఆయన, మా మధ్యన నా మనవడు. అందరికీ అప్పటినుంచి ఏళ్ళు మీద పడ్డాయి; వాడికి మాత్రం ఎప్పుడూ రేపే పరీక్ష.