రెయిన్‌డీర్ ఎముక, అక్క ఎముక

నేనింతవరకూ ఒక్క రెయిన్‌డీర్‌ను కూడా చూడలేదు. చూసిందల్లా క్రిస్మస్‌కు మా చర్చిలో నిలబెట్టే థర్మోకోల్ బొమ్మలనే. అయినా యూనివర్సిటీలో నా పరిశోధన దాని జన్యువుల మీదే. మంచుదేశాల వాళ్లు సేకరించి అందరికీ అందుబాటులో పెట్టిన డేటాను దించుకుని, ఆవు జన్యువులతో, మేక జన్యువులతో పోల్చి చూడటం నా పని. కంప్యూటర్లు వేడెక్కుతాయని మా ల్యాబులో ఏసీ ఆపరు, కిటికీల తెరలు తీయరు.

తార్నాకలో అక్కా నేనూ ఒకే ఫ్లాట్‌లో ఉంటాం. అక్క నాకంటే చాలా పెద్దది. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. తెల్లారకముందే వెళ్లి పొద్దుపోయాక వస్తుంది. అమ్మ పోయాక నన్ను చదివించింది ఆవిడే. కోస్తా ఎండలో పుట్టి పెరిగినా మా ఇద్దరికీ ఎండంటే పడదు. గడప దాటాలంటే ముఖానికి స్కార్ఫ్, మోచేతులు దాటే తొడుగులు, నల్ల కళ్లద్దాలు ఉండాల్సిందే. బ్యాంకు దోపిడీకి బయల్దేరినట్టు ఉంటాం. ఈ ఊళ్లో స్కూటీ మీద వెళ్లే ఆడపిల్లలు సగం మంది అలాగే ఉంటారు కాబట్టి ఎవరూ వింతగా చూడరు.

సెమినార్ ముందురోజు అక్కను కూర్చోబెట్టి అంతా అప్పజెప్పాను. రెయిన్‌డీర్ ఉండే చోట చలికాలంలో వారాల తరబడి సూర్యుడే కనపడడు. ఒంటికి ఎండ తగలకపోతే విటమిన్ డి తయారవదు, అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. అయినా ఆ జంతువు ఏటా కొత్త కొమ్ములు పెంచుకుంటుంది. దొరికిన కాస్త విటమిన్ డినే గట్టిగా వాడుకునేలా, కొవ్వును చలికి తగ్గట్టు ఖర్చు పెట్టుకునేలా దాని జన్యువులు మారాయి.

"ఆడవాటికి కూడా కొమ్ములుంటాయటే?"

"ఉంటాయి."

"అదృష్టవంతులు. మనం ఊరికే నోరెత్తితేనే కొమ్ములొచ్చాయా అంటారు" అంటూ అక్క మోకాళ్లు నొక్కుకుంది. నొప్పులు చాన్నాళ్లుగా ఉన్నాయి. పొద్దస్తమానం బోర్డు దగ్గర నిలబడితే రావా, అనేది.

ఆ వారంలోనే అక్కకు సెలవున్న ఒక మధ్యాహ్నం ఇద్దరం మెట్రో స్టేషన్ మెట్లు దిగుతున్నాం. చివరి మెట్టు మీద అక్క కాస్త తూలింది. పడను కూడా లేదు, పక్కనున్న కడ్డీ పట్టుకుంది. టప్‌మని శబ్దం నాక్కూడా వినిపించింది. ఎలాగో మోసి ఆటోలో కూర్చోబెడితే, మెట్ల దగ్గరే నిలబడి అంతా చూసిన డ్రైవర్ నోరెళ్లబెట్టాడు.

"గామె పడనే లేదు గదమ్మా! కాలు గట్లెట్ల ఇరిగింది?"

తొడ ఎముక విరిగింది. ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచింది.

"మీ అక్కగారు ఎండలోకి అసలు రారా?"

"ఇది హైదరాబాద్ అండీ" అన్నాను. నాకు నిజంగానే ఒళ్లు మండింది.

ఆవిడ నా చేతుల వైపు చూసింది. కంగారులో తొడుగులు తియ్యనే లేదు. అక్క ఒంట్లో విటమిన్ డి ఉందంటే ఉంది, లేదంటే లేదు అంది. ఎముకలు ఏళ్లుగా మెత్తబడుతున్నాయట. నిప్పులు చెరిగే ఈ ఊళ్లో, సూర్యుడే రాని చోట బతికే జంతువు గురించి చదువుకుంటున్న నా ఇంట్లో!

"నడుస్తుందా అండీ?"

"నడుస్తారు. కాకపోతే ఎముక అతుక్కోవడానికి చాలా టైం పడుతుంది. మీదీ అదే ఇల్లు, అదే తిండి కదా? మీరు కూడా పరీక్షకు రక్తం ఇచ్చి వెళ్లండి."

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ అక్క మంచం దగ్గరకొచ్చింది. కట్టు చూసి, ఫర్వాలేదంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మీకు విటమిన్ డి అక్కగారికంటే తక్కువుంది. వెంటనే మందులు మొదలుపెట్టాలి."

కాలు విరిగినప్పుడు కూడా కన్నీరు పెట్టని మనిషి, అక్క, బావురుమంది.

"అయ్యో, నా బరువంతా నీ మీదే వేశానే ఆ రోజు" అంటూ నా మణికట్టు పట్టుకుంది. ఎప్పుడు పట్టుకున్నా గాజులు చిట్లేలా పట్టుకునేది. ఇప్పుడు మాత్రం, ఎక్కడ విరుగుతుందోనని, వేళ్లు ఆనీ ఆనకుండా పట్టుకుంది.