పాదాలు లేని పేడపురుగు

నాకు ముక్కు మీదే కోపం. జనగామలో డిగ్రీ చదివేటప్పుడు ఆ కోపంతో ఒక మంచి బొమ్మను పాడుచేశాను.

తెలంగాణ కోసం సమ్మెలు నడుస్తున్న రోజులు. కాలేజీ తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. ఎట్టకేలకు తెరిచాక, వారంలో జువాలజీ రికార్డులు ఇవ్వాలన్నారు సారు. ఆయన సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. ల్యాబు పెట్టెల్లో పురుగులు ఎప్పుడో పొడిపొడి అయిపోయాయి. దాంతో అందరం గైడు ముందు పెట్టుకుని బొమ్మలు దించేశాం.

హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయిది దేవరుప్పుల అవతల తండా. "ఈసారి తప్పితే సదువు బందే. మా యాడితోని హైదరాబాద్ పోయి ఇటుకలు మొయ్యాలె," అని భయపడేది. యాడి అంటే వాళ్ల లంబాడీ మాటలో అమ్మ. ఆ పిల్ల ఆదివారం ఇంటికి పోయి, టిఫిను డబ్బాలో బతికున్న పేడపురుగును పట్టుకొచ్చింది. గదంతా కంపు!

"ఛీ! గిదేం పిచ్చే? గైడుల ఉన్నది కదా!"

"సారే చెప్పిండు కదా, చూసిందే గియ్యాలని," అంది నవ్వుతూ. రెండు రోజులు కూర్చుని పెన్సిలుతో గీసింది.

రెండో రోజు సాయంత్రం రైల్ రోకోలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని గదికొచ్చి బొమ్మ చూశాను. ముందుకాళ్లు మొండిగా ఉన్నాయి, చివర పాదాలు లేవు. గైడులో ఉన్నాయి మరి. "కండ్లు కనవడ్తలేవా ఏంది? గిట్లిస్తే సంతకం పెడ్తడా?" అని, వద్దంటున్నా వినకుండా నల్ల ఇంకుతో రెండు పాదాలు తగిలించాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

మర్నాడు సారు ఒక పాత పుస్తకం తెచ్చారు. ఫోటోలు లేని కాలంలో ఎవరో పురుగులను ఎదురుగా పెట్టుకుని గీసి, రంగులద్దిన బొమ్మలవి. అందులోనూ పేడపురుగు ముందుకాళ్లు మొండివే! "ఈ రకానికి ముందుకాళ్లకు పాదాలే ఉండవ్. ఆయన చూసి గీసిండు, మీరు చూడకుండ దించిన్రు," అన్నారు.

ఆ పిల్ల రికార్డు దగ్గర ఆగారు. "పెన్సిల్ బొమ్మ పాణమున్నట్టే ఉన్నది. మరి ఈ ఇంకు పాదాలేందమ్మా?"

ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు. "నా కండ్ల మీద నాకే నమ్మకం లేకపాయె సార్."

తల కొట్టేసినట్టయింది. మా బతుకు మాకు తెల్వదా, ఇంకొకరు చెప్పేదేంది అని ముందురోజు పట్టాల మీద అరిచిన నోరే నాది. లేచి నిలబడ్డాను. "నేనే గీసిన సార్. ఆమె వద్దనే అన్నది."

సారు నా చేతికి బ్లేడు ఇచ్చారు. అందరి ముందూ ఆ పాదాలను గీకాను. కాగితం పలచబడింది గానీ చిరగలేదు. ఆమె రికార్డు మీద సంతకం పడింది. మా అందరివీ సంతకం పెట్టకుండా, పురుగును చూసి మళ్లీ గీసుకు రమ్మని తిరిగిచ్చేశారు.

గదికొచ్చాక ఆ పిల్ల టిఫిను డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. మూత తీసి, "ముందుగాల కాళ్లు చూడు," అంది.