వేడి లేని లైట్ల కింద కోడిపిల్లలు

2023 జనవరి 10, మంగళవారం, పగలు పన్నెండుంబావు. ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోరు. లోపల పెంకుటిల్లు సెట్టు వేశారు. ఆ ఇంటి వాకిట్లో తిరగడానికి నలభై కోడిపిల్లల్ని తెచ్చాను. అవి పుట్టి మూడు రోజులే.

షూటింగులకు కోళ్ళను ఇవ్వడం ముప్పై ఏళ్ళుగా నా పని. మోతీనగర్‌లో మా ఇంటి వెనక బ్రూడర్ ఉంది. బ్రూడర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. గుండ్రంగా అట్ట నిలబెట్టి, కింద వరిపొట్టు పోసి, పైన బల్బు వేలాడదీస్తే అదే తల్లికోడి రెక్క. పిల్లలు బల్బు కిందికి గుమిగూడితే చలి, దూరం జరిగితే ఉక్క, అంతటా పరుచుకుంటే సుఖం.

సెట్టుకు మాత్రం బ్రూడర్ ఎప్పుడూ తీసుకెళ్ళలేదు. పాత లైట్ల కింద మనుషులకే చెమటలు కారేవి, పిల్లలు హాయిగా తిరిగేవి. ఆ ధీమాతోనే ఆ రోజూ ఒట్టి బుట్టతో వెళ్ళాను.

పదింటికి వదిలిన పిల్లలు పన్నెండుంబావుకల్లా ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. ఒకటే అరుపు. అసిస్టెంట్ డైరెక్టర్ వినయ్ వచ్చి, ఇవి కదలకపోతే వేరేవి తెప్పించమన్నాడు.

"గవి కుర్చీలా బిడ్డా, మార్చెతందుకు?" అన్నాను.

అన్నాను గానీ, జనాన్ని చూసి బెదిరాయనే నేనూ అనుకున్నాను. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే కాళ్ళు చల్లగా కొయ్యబారి ఉన్నాయి. పైన చూస్తే కళ్ళు చెదిరేంత వెలుగు.

లైట్‌మన్ సత్తిబాబు నిచ్చెన దిగి వచ్చాడు. భీమవరం వైపు మనిషి, పాత పరిచయం.

"ఇవన్నీ ఎల్‌ఈడీలక్కా. వెలుగే గానీ వేడుండదు. పైగా ఏసీ నేల మీదికే కొడుతోంది."

"ముందుగాల చెప్పొద్దా?"

"నీకు తెలీందా అనుకున్నా."

అప్పుడే భోజనాలకు బ్రేకు ఇచ్చారు. మిగతావాళ్ళంతా తినడానికి వెళ్ళిపోయారు. సత్తిబాబు గోదాములో మూలపడ్డ పాత టంగ్‌స్టన్ లైటు, అంటే బాగా వేడెక్కే రకం, మోసుకురావడానికి పోయాడు. ఈలోగా హెయిర్ డ్రెస్సర్ మేరీ హీరోయిన్ జుట్టు ఆరబెట్టే డ్రయర్ తెచ్చింది. కళ్ళు ఎండిపోతాయని మూరెడు దూరం నుంచి పట్టమన్నాను. వినయ్ ఏసీ ఆపించి వచ్చి నా పక్కన కూలబడ్డాడు. ఇప్పుడేం చెయ్యాలని మెల్లగా అడిగాడు.

"గోరువెచ్చని నీళ్ళల్ల జర బెల్లం కలిపి తే. ముక్కు ముంచాలె, నోట్ల పోసుడు కాదు."

క్యాంటీన్ నుంచి తెచ్చాడు. ఒక్కొక్కదాని ముక్కు ముంచుతూ పోయాం. పాత లైటు వెలిగాక అరగంటకు గుంపు విడిపోయింది. ఒక పిల్ల నా అరచేతిలోనే పోయింది. ఆ తప్పు నాదే, లైట్లది కాదు. మిగతా ముప్పై తొమ్మిదీ నేను చల్లిన నూకల వెంట పరుగెత్తాయి.

ఇప్పుడు ఏ సెట్టుకు వెళ్ళినా ముందు నేల మీద అరచెయ్యి ఆనిస్తాను. పిల్లకు చలేసేది నేల దగ్గర, నా ముఖం దగ్గర కాదు. తర్వాత లైట్‌మన్‌ను అడుగుతాను. ముప్పై ఏళ్ళ నుంచి చేస్తున్నావు, తెలీదా అని ఎవరైనా అంటే తెలీదనే చెబుతాను.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. సినిమా చివర తెర మీద పేర్లు నేను కూడబలుక్కునేలోపే పైకి వెళ్ళిపోతాయి. అందుకని ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. ఆ పూట అన్నం మానుకొని ఆ పిల్లల్ని బతికించినవాళ్ళు: లైట్‌మన్ సత్తిబాబు, హెయిర్ డ్రెస్సర్ మేరీ, అసిస్టెంట్ డైరెక్టర్ వినయ్. నాలుగోదాన్ని నేను, యాదమ్మ.