పాత పేజీల జాబితా

ఆటోనగర్‌లో అడుగుపెడితే ముందు గ్రీజు వాసన ముక్కుకు తగులుతుంది. మొన్న ఆ వాసనలోనే ఒక ట్రాక్టర్ విడిభాగాల షాపులో కూర్చున్నాను. యజమాని తన వెబ్‌సైట్‌ను కొత్తగా చేయమంటూ, "ఇదివరకు పటమటలో ఒక మేడమ్ చేశారండి. సైటంతా పాడుచేశారు. మీరన్నా జాగ్రత్తగా చూడండి," అన్నాడు. ఆ మేడమ్ ఎస్తేరు గారు. నాకు పని నేర్పిన మనిషి.

ఒక మందుల షాపు పైన ఆవిడ ఆఫీసు. నాలుగు కుర్చీలు, ఎప్పుడూ గిరగిరమనే ఒక ఫ్యాను. సైటు మార్చిన ప్రతిసారీ ఒక్కో పాత పేజీ చిరునామానూ, దానికి సరిపోయే కొత్త పేజీనీ పక్కపక్కనే కాగితం మీద రాయించేవారు. పాత లింకు నొక్కినవాళ్లు నేరుగా కొత్త పేజీకి చేరాలి. పేజీ శాశ్వతంగా మారిందని సెర్చ్ ఇంజన్‌కూ తెలియాలి. దీన్నే రీడైరెక్ట్ అంటాం. నాకు ఆ రాత వట్టి చాకిరీలా ఉండేది. "అన్నిటినీ మొదటి పేజీకి పంపేస్తే సరిపోదా మేడమ్?" అన్నాను ఒకసారి.

"క్లచ్ ప్లేటు కోసం వచ్చినాయన్ని గేటు దగ్గరే వదిలేసి పోతావా? ఆ ర్యాక్ దాకా తీసుకెళ్లాలమ్మా," అన్నారు.

నేను వినలేదు. ఈ షాపు సైటు మార్చే రోజున ఆవిడ గుడివాడలో పెళ్లికి వెళ్లారు. మూడు వందల పేజీలనూ ఒకే దెబ్బకు మొదటి పేజీకి మళ్లించి ఇంటికెళ్లిపోయాను. నెల తిరిగేసరికి సెర్చ్‌లో ఎంత వెతికినా ఆ షాపు కనిపించలేదు, కొనేవాళ్ల ఫోన్లు ఆగిపోయాయి. యజమాని ఫోన్‌లో అరుస్తుంటే ఆవిడ, "పొరపాటు నాదేనండి," అన్నారు. నా పేరు ఎత్తలేదు. పక్కనే ఉన్న నేను తప్పు ఒప్పుకోలేదు. ఆ మాట ఆటోనగర్ అంతా పాకింది. ఏడాదికల్లా ఆఫీసు మూతపడింది. చివరి రోజు తన జాబితాల కట్ట నా చేతిలో పెట్టి, "ఈసారి రాసుకో," అన్నారంతే. వెళ్లి క్షమాపణ చెప్పుకుందామని వాయిదా వేస్తూ వచ్చాను. కిందటి వేసవిలో ఆవిడ పోయారు. చర్చిలో వెనక వరుసలో కూర్చుని వచ్చేశాను.

అందుకే మొన్న ఆగలేకపోయాను. "ఆ తప్పు ఆవిడది కాదండి, నాది," అన్నాను.

"ఇప్పుడెవరిదైతే ఏంలెండి. అనాల్సిన మాటలన్నీ ఆవిణ్ణి అనేశాగా," అన్నాడు యజమాని. పని మాత్రం నాకే ఇచ్చాడు.

ఇప్పుడు పాత పేజీల జాబితా రాస్తున్నాను, ఒక్కొక్కటీ, చేత్తోనే. ఒక్క చిరునామా కూడా తప్పుగా పోనివ్వను. ఆవిడకు చెప్పుకోవలసిన మాటనే, ఆ షాపులో చెప్పి వచ్చాను.